మనం మెచ్చే జపాన్, వాళ్లు బతికే జపాన్

జపాన్ కార్మికులకు యాజమాన్యం మీద కోపం వస్తే పని మానరనీ, చెప్పుల ఫ్యాక్టరీలో అయితే ఒక కాలి చెప్పులే తయారుచేసి నిరసన తెలుపుతారనీ మనలో చాలామంది విన్నాం. వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో, వాట్సాప్ సందేశాల్లో ఈ కథ ఏళ్లుగా తిరుగుతోంది. జపాన్ కార్మిక చరిత్రలోకి వెళితే కనిపించేది వేరు. క్యూషూ దీవిలోని మియికె బొగ్గుగనిలో వెయ్యిమందికి పైగా కార్మికులను తొలగించాలని మిత్సుయి కంపెనీ నిర్ణయించినప్పుడు, 1960లో అక్కడ పోరాటం నెలల తరబడి సాగింది. ఆ గొడవల్లో ఒక కార్మికుణ్ణి పొడిచి చంపారు. 2018లో ఒకాయామాలో బస్సు డ్రైవర్లు బస్సులు నడుపుతూనే ప్రయాణికుల దగ్గర టికెట్ డబ్బులు తీసుకోవడం మానేశారు. 2023 ఆగస్టు 31న టోక్యోలోని సెయిబు డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉద్యోగులు సంస్థ అమ్మకానికి నిరసనగా సమ్మెకు దిగితే, ఇకెబుకురోలోని ఆ పెద్ద దుకాణం ఆ రోజు తలుపులు తెరవలేదు.

కథలోని జపానీయుడికి ఆకలీ లేదు, ఆగ్రహమూ లేదు. నిజమైన జపానీయుడికి రెండూ ఉన్నాయి. ఈ తేడా జపాన్‌ను అభిమానించే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఆ దేశం మీద ఇష్టం పెంచుకోవడం తప్పేమీ కాదు. అక్కడి అందం, క్రమశిక్షణ, పనితనం నిజమైనవే. అయితే వాటిలో ప్రతిదాని వెనకా ఎవరో ఒకరి శ్రమ ఉంది, కొన్నిచోట్ల గాయమూ ఉంది. ఆ మనుషులు కనిపించనంత కాలం మన అభిమానం సగమే.

చూడకుండానే పుట్టిన మోహం

ఈ మోహం అనిమే అనే జపాన్ యానిమేషన్ చిత్రాలతో మొదలైంది కాదు. అమెరికా యుద్ధనౌకల ఒత్తిడికి తలొగ్గి 1854లో జపాన్ తన రేవులు తెరిచాక, అక్కడి చెక్క అచ్చుల చిత్రాలు యూరప్‌ను ముంచెత్తాయి. చిత్రకారుడు వాన్ గో వాటిని వందల్లో సేకరించాడు. 1887లో జపాన్ చిత్రకారుడు హిరోషిగె చిత్రాలను తన కుంచెతో మళ్లీ వేశాడు. మరుసటి ఏడు దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణానికి వెళ్లి, అక్కడి వెలుగులో తనకు జపాన్ కనిపిస్తోందని ఉత్తరాల్లో సంబరపడ్డాడు. జపాన్‌లో మాత్రం ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఆ ఊహ ప్రపంచానికి గొప్ప చిత్రాలనిచ్చింది. కానీ సరిగ్గా ఆ కాలంలోనే జపాన్ పట్టు మిల్లుల్లో పల్లెటూరి ఆడపిల్లలు రోజుకు పన్నెండు గంటలకు మించి పనిచేస్తూ, క్షయ బారిన పడుతూ, తమ దేశానికి విదేశీ ధనం సంపాదించి పెడుతున్నారు. యూరప్ ఇళ్ల గోడలమీది జపాన్‌లో వాళ్లకు చోటు దొరకలేదు.

ఇరవై సెకన్లు, నిమిషంన్నర

2017 నవంబరులో టోక్యో శివారు రైలు ఒకటి వేళకన్నా 20 సెకన్లు ముందు కదిలినందుకు దాన్ని నడిపే సంస్థ క్షమాపణ చెప్పింది. ప్రపంచమంతా ఆ వార్తను ముచ్చటగా పంచుకుంది. అదే సమయపాలనకు సంబంధించిన మరో ఘటన విదేశీ అభిమానుల్లో చాలామందికి తెలియదు. 2005 ఏప్రిల్ 25న ఒసాకా దగ్గరి అమగసాకిలో ఒక లోకల్ రైలు మలుపులో పట్టాలు తప్పి అపార్ట్‌మెంట్ భవనంలోకి దూసుకుపోయింది. డ్రైవరుతో సహా 107 మంది చనిపోయారు. ఆ డ్రైవరు వయసు 23 ఏళ్లు. అంతకుముందు స్టేషనులో రైలు ఆగాల్సిన చోటు దాటిపోవడంతో దాదాపు నిమిషంన్నర ఆలస్యమైంది. అమగసాకి రైలును నడిపిన సంస్థలో తప్పు చేసిన డ్రైవర్లను పునఃశిక్షణ పేరుతో రోజుల తరబడి కూర్చోబెట్టి, సంజాయిషీలు రాయించి, మందలించే పద్ధతి ఉండేది. ఆ శిక్ష గురించిన ఆందోళనలో ఉండి అతను బ్రేకు వేయడంలో జాప్యం చేశాడని దర్యాప్తు సంఘం భావించింది. అతివేగాన్ని దానంతటదే అదుపుచేసే కొత్త పరికరం ఆ మలుపు దగ్గర లేదు.

దీనికి పక్కనే షింకన్‌సెన్‌ను పెట్టి చూడాలి. 1964లో మొదలైన ఆ బుల్లెట్ రైళ్లు పట్టాలు తప్పడం వల్ల గానీ, ఢీకొనడం వల్ల గానీ ఇంతవరకూ ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. వాటికి ప్రత్యేకమైన మార్గం ఉంది, వేగాన్ని స్వయంగా నియంత్రించే వ్యవస్థ ఉంది, రైళ్లు ఆగిన రాత్రివేళల్లో పట్టాలు సరిచూసే సిబ్బంది ఉన్నారు. రెండూ జపాన్ సమయపాలనే. ఒకటి ఏర్పాట్ల మీద నిలబడింది, రెండోది భయం మీద నిలబడింది. జపాన్‌ను చూసి నేర్చుకోవాలని చెప్పేవాళ్లు ఏది నేర్చుకోమంటున్నారో కూడా చెప్పాలి.

ఈ ప్రశ్నను అందరికన్నా ముందు జపానీయులే వేసుకున్నారు. అధిక పని వల్ల సంభవించే మరణాలను అక్కడ కరోషి అంటారు. ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలు ఏళ్లపాటు పోరాడాకే 2014లో వాటి నివారణకు చట్టం వచ్చింది. అదనపు పనిగంటలకు పరిమితులు పెట్టిన చట్టం 2019 నుంచి అమల్లోకి వచ్చింది. ఏ మాటా అనకుండా పనిచేసుకుపోయే జాతి అని జపానీయులను పొగిడితే, గొంతెత్తి చట్టం తెచ్చిన ఈ కుటుంబాలను లెక్కలోంచి తీసేసినట్టే.

బొమ్మ గీసిన చేయి

2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' మన థియేటర్లలో తెలుగులోనూ ఆడింది. తెల్లవారుజాము ఆటలకు కూడా కుర్రకారు క్యూ కట్టడం చూస్తే అనిమే ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. ఆ సినిమాలో ఒక్కో కత్తివేటుకు ఎన్ని బొమ్మలు గీయాలో ఆలోచించేవాళ్లు తక్కువ.

అక్కడి పరిశ్రమలో కొత్తగా చేరిన చిత్రకారులకు చాలాచోట్ల జీతం ఉండదు, గీసిన బొమ్మకింత అని కూలి కడతారు. ఒక్కో బొమ్మకు 200 యెన్ల చుట్టూ పలికే ఆ కూలితో టోక్యో అద్దె కట్టడమే గగనం. ఈ చౌకబేరం పాతదే. 1963లో తెజుకా ఒసాము తీసిన 'ఆస్ట్రో బాయ్' సీరియల్‌ను టీవీకి చాలా తక్కువ ధరకు ఇవ్వడంతో ఆ అలవాటు స్థిరపడిందని తరచూ చెబుతారు. కారణం అదొక్కటే కాదు. 1990ల నుంచి టీవీ చానళ్లు, ప్రచురణకర్తలు, బొమ్మల కంపెనీలు కలిసి పెట్టుబడి పెట్టే కమిటీ పద్ధతి బలపడింది. లాభం వచ్చినా నష్టం వచ్చినా కమిటీదే. పెట్టుబడిలో వాటా లేని స్టూడియోకు ముందు ఒప్పుకున్న మొత్తమే అందుతుంది. అలాంటప్పుడు సినిమా ఎన్ని కోట్లు తెచ్చినా గీసిన చేతికి చేరేది పెరగదు.

మరో దారి ఉందని క్యోటో యానిమేషన్ స్టూడియో చూపింది. చిత్రకారులను నెలజీతం మీద ఉద్యోగులుగా పెట్టుకుని, వాళ్లకు తానే శిక్షణ ఇచ్చింది. 2019 జులైలో ఒక దుండగుడు ఆ స్టూడియోకు నిప్పంటించగా 36 మంది కన్నుమూశారు. అప్పుడు జపాన్ నుంచీ, విదేశాల నుంచీ అభిమానులు పంపిన విరాళాలు 300 కోట్ల యెన్లు దాటాయి. తెరమీది పాత్రల మీది ప్రేమ వాటిని గీసినవాళ్ల దాకా వెళ్లగలదని ఆ రోజుల్లో అందరూ చూశారు.

అతిథికీ, అద్దెదారుకీ మధ్య

2024లో జపాన్‌కు దాదాపు 3.69 కోట్ల మంది విదేశీయులు వచ్చారు. అప్పటికి అది రికార్డు. క్యోటోలోని గియోన్ వాడలో పనికి వెళ్తున్న యువ నర్తకీమణులను కెమెరాలతో వెంబడించడం ఎక్కువై, అక్కడి ప్రైవేటు సందుల్లోకి పర్యాటకులు రాకుండా నిషేధం పెట్టారు. మీరితే 10,000 యెన్ల జరిమానా. ఫుజికవాగుచికోలో ఒక దుకాణం వెనక ఫుజి కొండ కనిపించే చోట ఫోటోల కోసం జనం రోడ్డుకు అడ్డంపడటంతో 2024 మే నెలలో ఆ దృశ్యం కనబడకుండా నల్లటి తెర కట్టారు. ఆ వీధులు అక్కడివాళ్లకు పనికి వెళ్లే దారులు, పిల్లలు బడికి నడిచే దారులు.

అక్కడే ఉండిపోదామని వెళ్లినవాళ్లకు మరో అనుభవం ఎదురవుతుంది. అతిథిగా వచ్చినవాడికి వంగి నమస్కరించిన ఊరే, అద్దెకు ఇల్లడిగితే వెనకాడవచ్చు. 2017లో జపాన్ న్యాయశాఖ వెల్లడించిన సర్వేలో, ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది విదేశీయులన్న కారణంతోనే తమకు ఇల్లివ్వలేదని చెప్పారు. రాత్రీపగలూ తెరిచి ఉండే కన్వీనియన్స్ స్టోర్లను చూసి మనం మురిసిపోతాం. పెద్ద నగరాల్లో ఆ కౌంటర్ల వెనక చాలాచోట్ల నిలబడేది వియత్నాం, నేపాల్ వంటి దేశాల విద్యార్థులు. చదువుకునే రోజుల్లో వాళ్లు వారానికి 28 గంటలే పనిచేయవచ్చు.

అటునుంచి చూస్తే

ఈ మోహం ఎలా ఉంటుందో మనం రెండో వైపు నుంచి కూడా చూశాం. 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైన 'ఆర్ఆర్ఆర్' అక్కడ 'ముత్తు' పేరిట ఉన్న పాత వసూళ్ల రికార్డును దాటింది. అందరూ స్త్రీలే నటించే తకరజుకా బృందం 2024లో దాన్ని సంగీత నాటకంగా ప్రదర్శించింది. తెలుగు సినిమాకు దక్కిన ఆ ఆదరణకు మనమంతా పొంగిపోయాం, పొంగిపోవాల్సిందే. అయితే ఆ అభిమానుల్లో ఒకరు మన దగ్గరికి వస్తే నాటు స్టెప్పు ఒక్కటే చూపించి పంపుతామా? జల్, జంగల్, జమీన్ కోసం గోండులు చేసిన పోరాటం గురించీ, 1940లో కొమురం భీం నేలకొరిగిన జోడేఘాట్ గురించీ, 1922 నుంచి 1924 దాకా మన్యంలో సాగిన రంప తిరుగుబాటు గురించీ చెప్పాలనిపిస్తుంది. సినిమాలో కలిసిన ఆ రెండు పోరాటాల వీరులు చరిత్రలో ఎన్నడూ కలుసుకోలేదని కూడా చెబుతాం. దానితో వాళ్ల ఇష్టం తగ్గుతుందని భయపడం. వేళ్లూనుకుంటుందని ఆశపడతాం.

జపానీయులకు మనం ఇవ్వాల్సిన గౌరవం కూడా అదే. అనిమే చూసి భాష నేర్చుకోవడం మొదలుపెట్టిన పిల్లవాణ్ణి నిరుత్సాహపరచనక్కర్లేదు. మంచి పరిచయాలు చాలావరకు అలాంటి ముచ్చటతోనే మొదలవుతాయి. ఆ భాషలో పాటలతో పాటు వార్తలూ చదవమందాం. బొమ్మ నచ్చితే గీసినవాళ్ల పేర్లు తెలుసుకోమందాం. ఇక పెద్దవాళ్లం మనం, జపాన్ పేరు చెప్పి పిల్లలనూ, కార్మికులనూ నోరు మెదపకుండా పనిచేయమనడం మానాలి. నోరు విప్పిన జపానీయుల వల్లే ఆ దేశంలో పనిగంటలకు హద్దులు వచ్చాయి. జపాన్ నుంచి నేర్చుకోవాలనుకుంటే ముందుగా నేర్చుకోవాల్సింది ఆ ధైర్యమే.