నడిచే దారికి గీత

ఆటోనగర్లలో, పారిశ్రామికవాడల్లో ఎంతోమంది ఆడవాళ్లు పనిచేస్తారు. షెడ్డు ఊడుస్తారు. ఇనప రజను తట్టలకెత్తి బయట పోస్తారు. సరుకు పెట్టెల్లో సర్దుతారు. రోజంతా మిషన్ల మధ్యే తిరగాలి.

తలమీద తట్ట ఉంటే కాళ్ల కింద ఏముందో కనపడదు. మిషన్ల మోతలో వెనకనించి వచ్చే బండి వినపడదు. సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండితో మరీ ప్రమాదం. దాని మీద సరుకు ఎత్తుగా పెడితే, ఎదుట ఉన్న మనిషి డ్రైవరుకు కనపడదు. ఆ బండికి పక్కకు తిరిగేవి వెనక చక్రాలు. మలుపులో దాని వెనక భాగం విసురుగా పక్కకు వస్తుంది. అక్కడ నిలబడ్డ మనిషిని గోడకు నొక్కేస్తుంది.

అందుకే మనిషి దారి వేరు, బండి దారి వేరు ఉండాలి.

దారి ఎలా గీయాలి?

గేటు, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఎక్కడున్నాయో ముందు చూడాలి. మనుషులు ఎటు నడుస్తారో చూడాలి. దారిని చుట్టూ తిప్పితే ఎవరూ అందులో నడవరు. తట్టలతో ఇద్దరు ఎదురుపడినా తప్పుకునేంత వెడల్పు ఉండాలి.

వాకిలి ఊడవందే ముగ్గు వేయం కదా! ఇక్కడా అంతే. నేలమీద నూనె జిడ్డుంటే రంగు పట్టదు. సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరనివ్వాలి. తాడు పట్టి సుద్దతో గుర్తు పెట్టాలి. తరవాత రెండు పక్కలా పసుపు గీతలు వేయాలి. గీత వెడల్పు 2 అంగుళాలకు తగ్గకూడదు. బండి దారిని దాటేచోట రోడ్డుమీద లాగా అడ్డచారలు వేయాలి.

గీత గీస్తే చాలా?

చాలదు. రంగు గీత బండిని ఆపలేదు. మలుపుల దగ్గర ఇనప కమ్మీలు అడ్డం కట్టాలి. గీతల మధ్య పెట్టె పెడితే, మనిషి బండి దారిలోకి దిగాల్సిందే. అప్పుడు గీత ఉన్నా లేనట్టే. నూనె ఒలికితే వెంటనే రంపపు పొట్టు చల్లి ఎత్తేయాలి. చెరిగిన గీతకు మళ్లీ రంగు వేయించాలి.

దారుల్లో అడ్డాలు, కాలు జారే వస్తువులు ఉండకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో కూడా ఉండేది. కాబట్టి "అడ్డం తీయించండి" అని అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. ఒక్కరికి జంకైతే నలుగురూ కలిసి అడగాలి. నోటిమాట మరచిపోతారు. కాగితం మీద రాసివ్వాలి. ఎక్కడ అడ్డం ఉంది, ఏమి అడ్డం ఉంది, ఏ తేదీన చూశారు - ఈ మూడూ రాస్తే చాలు. చదువు నేర్చిన చేతికి అదెంత పని!

ఆలోచించండి:

1. మీరు పనిచేసే చోట నడిచే దారికి గీతలున్నాయా?
2. ఆ దారిలో ఈరోజు ఏమేమి అడ్డం ఉన్నాయి? రాయండి.