మూడు పాత ఫోన్లు, ఒక జల్సా

హిఫ్జ్ పూర్తిచేసిన బాలుని తలకు దస్తార్ చుట్టే వేళకు, అతని తండ్రి జిద్దాలోనో దుబాయిలోనో డ్యూటీలో ఉంటాడు. తల్లి, నానమ్మ పరదా అవతల కూర్చుని శబ్దం మాత్రమే వింటారు. మన నగరంలో ఇది ఏ ఒక్క ఇంటి సంగతీ కాదు. వీడియో బృందాన్ని పిలిపించే స్తోమత చిన్న మదరసాలకు లేదు. ఆ అవసరమూ లేదని మేము భావిస్తున్నాం. ఇళ్లలో పక్కన పడేసిన మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, ఒక వైఫై రౌటరు ఉంటే చాలు.

వీడియో విషయంలో ఉలమాల అభిప్రాయాలు ఒక్కటి కావు. లౌడ్‌స్పీకరు వచ్చిన కాలంలోనూ ఇలాంటి చర్చే జరిగింది. ముఫ్తీ ముహమ్మద్ షఫీ ఆధునిక పరికరాల ధార్మిక ఆదేశాలపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించారు. తమ మస్జిద్ పెద్దలను సంప్రదించి ప్రసారానికి నిశ్చయించుకున్న వారి కోసమే ఈ వ్యాసం.

ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. ఫోన్లలో డ్రాయిడ్‌క్యామ్ వంటి యాప్ ఉంచవచ్చు. లేదా వీడీఓ నింజా అనే ఉచిత సేవ లింకును ఫోను బ్రౌజరులో తెరిచినా సరిపోతుంది. ఒక ఫోను వేదికకు ఎదురుగా, ఒకటి పక్కన, మూడవది సభను చూపేలా నిలపాలి. ఐఫోన్లు ఉన్నవారికి స్విచర్ స్టూడియో ఉంది గాని, దానికి నెలనెలా చందా కట్టాలి. స్టాండ్లు, కాలర్ మైకు కోఠీ గుజరాతీ గల్లీలోనో, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో బేరమాడి కొనుక్కోవచ్చు.

బొమ్మ కొంచెం మసకబారినా చూసేవారు ఓర్చుకుంటారు. మాట వినిపించకపోతే లేచిపోతారు. ఉస్మాన్‌గంజ్ వంటి టోకు బజారులో లారీ హారన్లు, హమాలీల కేకలు కిటికీలోంచి నేరుగా లోపలికి వస్తాయి. అందుకే ఫోన్ల మైకులన్నీ మూసివేసి, వక్త మైకు శబ్దాన్ని మాత్రమే తీగతో ల్యాప్‌టాప్‌కు కలపాలి. తీగ మీది శబ్దం ముందు చేరుతుంది, వైఫై మీది బొమ్మ వెనుక వస్తుంది. కెమెరా ముందు ఒక్క చప్పట్లు కొట్టి చూసి, ఓబీఎస్‌లోని సింక్ ఆఫ్‌సెట్ ద్వారా శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే పెదవులకూ మాటకూ పొంతన కుదురుతుంది.

ట్యూబులైట్ల కింద తెరపై చారలు పరుగెత్తుతుంటే షట్టరు వేగాన్ని సెకనులో 50వ వంతుకు మార్చాలి. మన విద్యుత్తు 50 హెర్ట్జ్‌ది. ఫోన్లను ఫ్లైట్ మోడ్‌లో ఉంచి వైఫై మాత్రం తెరవాలి, లేకుంటే ఎవరి మామగారి ఫోనో వచ్చి ప్రసారాన్ని ఆపుతుంది!

సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పంపితే గంటకు 1.8 జీబీ ఖర్చవుతుంది. అంటే రోజుకు 2 జీబీ ప్యాకు జల్సా సగంలోనే ఐపోతుంది. యూట్యూబ్‌లో మొదటిసారి ప్రత్యక్ష ప్రసారానికి అనుమతి రావడానికి 24 గంటల వరకు పట్టవచ్చు కనుక ఆ పని ముందే చేసుకోవాలి.

ఇంతవరకు తేలిక. ఏ క్షణాన ఏ కెమెరా చూపాలో నిర్ణయించే వ్యక్తి ఎంపికే కష్టం. సాధారణంగా ఫోన్ల సంగతి బాగా తెలిసిన కుర్రవాణ్ణి కూర్చోబెడతారు. ఆయతు మధ్యలో మరచి ఆగిపోయిన పదేళ్ల బాలుని ముఖాన్ని దగ్గరగా చూపించడం అతనికి రసవత్తరంగా తోచవచ్చు. ఆ క్షణంలో ఉస్తాదు వైపు కెమెరా తిప్పగలిగిన వాడు కావాలి, వయసు ఎంతైనా సరే. సభను చూపే మూడవ ఫోనులో స్త్రీల వైపు ద్వారం పడకుండా, అందరూ కూర్చున్నాక మరొకసారి చూసుకోవాలి. ఖాళీ హాలులో సరిచూసిన కోణం నమ్మదగినది కాదు.

ప్రసారాన్ని అన్‌లిస్టెడ్‌గా పెట్టి, లింకును కుటుంబాలకే పంపడం మేలు. అయినా లింకు చేతులు మారుతుందని వారికి ముందే చెప్పాలి. ముగిశాక యూట్యూబ్ ఆ రికార్డును ఛానెల్‌లో తనంతట తానే ఉంచుతుంది. దానిని ఎన్నాళ్లు ఉంచాలో జల్సాకు ముందే తల్లిదండ్రులను అడిగి రాసుకోవాలి. కనీసం రెండు రోజులు అవసరమవుతుంది, రాత్రి డ్యూటీలో ఉన్న తండ్రి చూసేది మరునాడే కదా.