గెట్టు దాటిన కొమ్మ

మంజీరా నదిపై 1923లో ఆరంభింపబడి 1931లో పూర్తియైన నిజాంసాగరము తన కాలువనీటిని బోధను, వర్ని ప్రాంతములకు పంపనారంభించిన నాటినుండి మోస్రా పరిసరములందలి నేలకు జానెడు జానెడునకును వెల యేర్పడినది. వరికిని, 1937లో శక్కర్‌నగరున వెలసి 2015లో మూతపడిన చక్కెర కర్మాగారమునకై పెంచిన చెరకునకును ఆలవాలమైన యీ మాగాణములలో ఒకరి మడికిని వేరొకరి మడికిని నడుమనుండు గెట్టు మూరెడు వెడల్పే యైనను, దానిపై నిలిచిన వేపయో, తుమ్మయో, మామిడియో ఇరుదిక్కులకును కొమ్మలు చాచి, ఒకవైపు వానికి ఫలమును, రెండవవైపు వానికి నీడపట్టున పొల్లుపోయిన వరికంకులను మిగుల్చును. గెట్టు పంచాయితీ యనుమాట యెరుగని పల్లె తెలంగాణమున లేదు. ఆ పంచాయితీలలో మట్టిని గూర్చినవి కొన్ని, ఆకాశమును గూర్చినవి కొన్ని. ఈ రెండవ తెగను గురించియే నేను వ్రాయుచున్నాను.

పొలముల హద్దులకు చెట్లను నాటుట మనకు కొత్తకాదు. మర్రి, రావి, మోదుగు, బూరుగు, తాడి మొదలగు వృక్షములను సీమాచిహ్నములుగా పెంచవలెనని మనుస్మృతి అష్టమాధ్యాయము విధించినది. రాయి కదలింపవచ్చును గాని వేరూనిన మర్రిని రాత్రికి రాత్రి జరుపుట యెవ్వరితరము కాదు గదా. ధర్మశాస్త్ర నిబంధకారులు ఉదాహరించు స్మృతివచనములలో, రెండు క్షేత్రముల నడుమ మొలచిన చెట్టు పూలును పండ్లును ఉభయులకును సమానమనియు, ఒకని నేలలో పుట్టిన చెట్టుకొమ్మ పరుని క్షేత్రముపై వ్రాలినచో ఆ కొమ్మకు ఆ క్షేత్రపతియే యజమాని యనియు చెప్పబడినది. నీడవలన నష్టపడువానికే ఫలమును ఇచ్చిన ఆ యేర్పాటునందలి న్యాయబుద్ధి నాకు నేటికిని హృద్యముగా తోచుచున్నది.

నేటి న్యాయము వేరుత్రోవ పట్టినది. చెట్టు ఎవరి నేలలో మొలచినదో కొమ్మ ఎంత దూరము పోయినను, దాని పండు ఎచ్చట వ్రేలాడినను, అది వారిదే. అయితే పొరుగువాని నేలకు పైనున్న గాలి పొరుగువానిది గనుక, అందులోనికి చొచ్చిన కొమ్మ ఆతనికి బాధాకరమైనపుడు హద్దువరకు దానిని నరుకుకొను హక్కు అతనికి కలదనియు, తన నేలలోనే నిలిచి నరకునంతవరకు ముందుగా నోటీసు ఇయ్యనక్కరలేదనియు 1894లో ఇంగ్లండు ప్రభుసభ తీర్మానించెను. ఇంచుమించు ఆ కాలముననే బొంబాయి హైకోర్టును, ఎన్నియేండ్లు గడచినను పరుని నేలపై కొమ్మలు వ్రేలాడదీయు హక్కు అనుభవముచేత సిద్ధింపదని నిర్ణయించినది. 1904లో, వ్రేలాడు కొమ్మలవలన పండ్లతోట యెదుగుదల చెడినపుడు చెట్టుగలవాడు నష్టపరిహార మీయవలెనని మరియొక ఆంగ్ల తీర్పు వెలువడెను. 1919 నాటి వ్యాజ్యమున, కొమ్మలు కొట్టిన పొరుగువాడు వానికున్న ఆపిల్ పండ్లను అమ్ముకొనగా, న్యాయస్థానము వాని వెలను చెట్టుగలవానికి చెల్లింపజేసినది. కొట్టుటకు హక్కున్నంతమాత్రమున కొట్టినది తనదికాదు. మన గోడపైకి వంగిన మామిడికొమ్మను కొట్టవచ్చునుగాని దాని కాయలను బుట్టకెత్తుకొనరాదు.

చిక్కంతయు పాళ్ళు పంచుకొన్న యిండ్లలో వచ్చును. తాతనాటి పెరటివేప, అన్నదమ్ములు విడిపోయి నడుమ గోడ పెట్టినపుడు, ఒకరి పాలికి మొదలుగను రెండవవారి పాలికి మండలుగను పడును. ఏటేటా ఆకు రాలి రేకులపై కుళ్ళి తుప్పుపట్టించును. “అన్నా, మీ యాప మండ మా రేకుల మీద వంగింది, జర చూడు” అని తమ్ముడనగా, “రేపు కొట్టిస్త తియ్యి” అని అన్న యనును. ఆ రేపు వానకాలము దాటిపోవును. గోడ మొదలు మీదుగానే పోయి చెట్టు ఉభయులదియైనచో, ఒకరి సమ్మతి లేక రెండవవారు దానిని పడగొట్టరాదు.

కొమ్మ వేరు, చెట్టు వేరు. కొమ్మను హద్దువరకు కొట్టు హక్కు మొదలును నరుకుటకు గాని, పొరుగు వాకిటిలో అడుగిడుటకు గాని, వేరున మందుపోసి చెట్టును చంపుటకు గాని చాలదు. మొదలు నరుకుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, జనులు వాల్టా యని పిలుచునది, ముందుగా అధికారుల అనుమతిని కోరుచున్నది. స్వంత చెట్టైనను ఈ నియమము తప్పదు.

ఇక కొమ్మ విరిగిపడి ప్రాణమో పైకప్పో పోయినప్పటి మాట. చెట్టుగలవాడు ప్రతి గాలివానకు జవాబుదారి కాడు. 1926 నాటి ఆంగ్ల వ్యాజ్యమున, మంచి వాతావరణములోనే ఒక బీచ్ చెట్టు కొమ్మ విరిగి బాటవెంట పోవు మోటారుబండిపై పడెను; లోపల దాగిన దోషము పైకి కనబడునది కాదు గనుక యజమానిది తప్పుకాదనిరి. దీనినుండి తేలునదేమన, తెలిసియు, తెలిసికొనదగియు ఊరకున్నవాడే బాధ్యుడు. మొదట పుట్టగొడుగులు మొలచినను, బెరడు ఊడినను, చెదలు పట్టినను, ఒక్క మండ మాత్రమే ఆకురాల్చి యెండినను అవి కంటికి కనబడు గురుతులే. కావున భయపడు పొరుగువాడు నోటిమాటతో సరిపెట్టుకొనక, తేదీవేసి ఒక చీటి వ్రాసి, ఫోటోతో ఇచ్చి, నకలు దాచుకొనుట మేలు. ఆ చీటి అందినపిమ్మట “నాకు తెలియదు” అను మాటకు తావుండదు. పడిపోవు స్థితిలోనున్న చెట్టు ఇరుగుపొరుగువారికిని బాటసారులకును ముప్పు తెచ్చునదైనచో దానిని తొలగింపుమని ఆజ్ఞాపించు అధికారము సబ్ డివిజనల్ మేజిస్ట్రేటునకు కలదు. 2024 జులై మొదటి తేదీ నుండి అమలులోనున్న నాగరిక్ సురక్షా సంహిత 152వ విభాగమున చెట్టు పేరెత్తియే చెప్పబడియున్నది. ఇద్దరి నడుమ బాధమాత్రమే యైన కొమ్మకు ఈ దారి కాదు; దానికి సివిలు కోర్టున్నది, దానికంటె ముందు ఊరి పెద్దమనుషులున్నారు.

కరెంటు తీగలను తాకు కొమ్మను మాత్రము ఎవ్వరును స్వయముగా ముట్టరాదు. పచ్చికొమ్మలోనుండి విద్యుత్తు ప్రవహించును. లైన్‌మన్ వచ్చి సరఫరా నిలిపినతరువాతనే గొడ్డలి యెత్తవలెను. 2003 నాటి విద్యుచ్ఛట్టము ప్రకారము, తీగకంటె ముందే అక్కడనున్న చెట్టును దానికొరకై కొట్టించినచో యజమానికి పరిహారమిప్పించు అవకాశము కలదన్నది రైతులు గుర్తింపదగిన సంగతి.

కొట్టు తీరును గూర్చి నాకు కడుపుమంట యున్నది. కోపముతో ఎక్కి, గోడకు సరిగా సగములో నరికిన మోడులు వర్షపునీరు త్రాగి కుళ్ళి, ఆ కుళ్ళు మొదలుదాక ప్రాకి, నాలుగేండ్లకు ఇరువురికిని ప్రమాదమగును. కొమ్మ మొదలును కలియుచోట ఉబ్బిన పట్టీవంటి బెరడుండును. దానిని గాయపరుపక, దానికి ఆనుకొనియే కోయవలెను. బరువైన మండకు ముందుగా కొంత దూరమున క్రిందినుండి మూడవవంతు గాటుపెట్టి, పిమ్మట పైనుండి కోసినచో బెరడు చీలి మొదలుదాక ఊడిరాదు. మామిడిని కోతలయిన పిమ్మటను, వేపను గాలివానలు రాకమునుపును సవరించుట మంచిది. అయితే పట్టీదాక కోయవలెనన్న రంపము తరచుగా గోడ కావలివైపునకు పోవలసియుండును. అందుచేతనే చెట్టుగలవాని అనుమతితో, వీలైన అతని సమక్షముననే, ఆ పని జరుగవలెను. కూలి ఎవరిదని తగవు వచ్చినచో సగము సగము భరించిన యిండ్లను నేను చూచితిని. కోసిన మండలు చట్టరీత్యా చెట్టుగలవానివే. గోడ పైనుండి వానిని విసరివేయక వాకిట పేర్చి పిలిచినచో, కట్టె వారి పొయ్యికిని వేపాకు మీ మేకలకును పోవును.