వెండి వెల పెరిగితే నాణెం ఏమవుతుంది?

నిజాం కాలంలో ఆయన ఏలుబడిలోని గార్ల అంగట్లో చెల్లింది నిజాం రూపాయి, అంటే హాలీ సిక్కా. రైలెక్కి బెజవాడ చేరితే మాత్రం ఇంగ్లీషు ప్రభుత్వ రూపాయి, అంటే కల్దారు కావాలి. నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ అని లెక్క. ఆ అంకెకు మూలం వెండి తూకంలోనే దొరుకుతుంది. కల్దారు బరువు 11.66 గ్రాములు, అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. హాలీ దాదాపు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్లు. అసలు వెండి ఒకదానిలో 10.7 గ్రాములు, రెండోదానిలో 9.15 గ్రాములు తేలుతుంది. భాగించి చూడండి, ఇంచుమించు 1.17 వస్తుంది.

ఇలా లోహం వెలే తన వెలగా ఉన్న నాణేనికి ఒక గండం ఉంది. బజార్లో వెండి ధర ఎక్కి, రూపాయిలోని వెండి రూపాయి కంటే ఎక్కువ చేస్తే ఆ నాణెం మూసలోకి పోతుంది.

బ్రిటన్‌కు ఈ గండం నెపోలియన్ యుద్ధాలప్పుడు ముదిరింది. పౌను వెండికి 62 షిల్లింగులే కొట్టాలన్నది టంకశాల నియమం. బయట అంతకు మించి ధర పలుకుతుంటే టంకశాలకు వెండి ఎవరు తెస్తారు? కూలి ఇవ్వడానికి చిల్లర కరవై, 1811, 1812లలో బ్రిస్టల్, షెఫీల్డ్ వంటి ఊళ్ల వర్తకులు సొంతంగా వెండి బిళ్లలు వేయించారు. ముఖవిలువ కంటే వాటిలో వెండి తక్కువ. కరిగిస్తే నష్టం కాబట్టి చలామణిలో నిలిచాయి. పార్లమెంటు 1812లో వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది. 1816లో మాత్రం పౌను వెండికి 66 షిల్లింగులు కొట్టమంది. వర్తకులు పట్టిన దారినే ప్రభుత్వమూ పట్టిందని నా అభిప్రాయం.

మన వైపూ ప్రైవేటు చేతుల్లో వెండి నాణేలు పడ్డాయి. 1830లలో నిజాముకు అప్పులిచ్చిన పార్శీ షావుకారు పెస్తన్‌జీ మెహర్‌జీ ఔరంగాబాదులో కొట్టించిన రూపాయలకు పెస్తన్‌షాహీ అని పేరు. అయితే ఆయన పని చిల్లర కరవు తీర్చడం కాదు, రాజ్యం అనుమతితో సాగిన వ్యాపారం.

హైదరాబాదుకు అసలు కరవు మొదటి ప్రపంచ యుద్ధంతో వచ్చింది. వెండి దొరక్క 1918లో నిజాం ప్రభుత్వం తొలిసారి కాగితం నోట్లు వేసింది. అదే ఏడాది అమెరికా చట్టం చేసి, తన వెండి డాలర్లు కరిగించి భారతదేశం కోసం బ్రిటన్‌కు సుమారు 20 కోట్ల ఔన్సులు అమ్మింది. చివరికి, బ్రిటన్ 1816లో చేసినట్టే, 1940లో కల్దారులోని వెండినీ సగానికి దించేశారు.