పరీక్షింపబడని యంత్రము

ఫిరంగిని పోతపోసినవాడు తొలుత దానిని బయలుప్రదేశమున ప్రేల్చి చూచుకొనును. విమానమును నిర్మించినవాడు మొదట కొన్ని గజముల యెత్తున నెగిరి దిగును. 1945 ఆగస్టు 6వ తేదీ ఉదయమున హిరోషిమాపై ప్రేలిన యురేనియము బాంబునకు మాత్రము అట్టి పరీక్ష యెన్నడును జరుగలేదు. అంతకు మూడువారములకు ముందు, జులై 16న, న్యూమెక్సికో యెడారిలో ప్రేల్చి చూచినది వేరొక జాతి బాంబు. అది ప్లుటోనియముతో పనిచేయునది. నాగసాకిపై పడినది దాని తోబుట్టువు. లిటిల్ బాయ్ అను ముద్దుపేరుతో పెరిగిన ఈ యురేనియము బాంబు తన జీవితమున ఒక్కమారే పనిచేసెను. ఆ ఒక్కమారును జనులు పనులకు బయలుదేరుచున్న యొక నగరముపైననే పనిచేసెను. దాని చరిత్రము చెప్పబూనిన వానికి, దానిని ప్రయోగింపవలెనను నిర్ణయమును ఎవరు, ఎన్నడు చేసిరను ప్రశ్న తప్పదు. ఆ నిర్ణయమును ఒక గదిలో, ఒక దినమున, ఒక సంతకము క్రింద వెదకుట వ్యర్థమని నా యభిప్రాయము. యంత్రము పెరిగినకొలది నిర్ణయమును దానితోడనే పెరిగినది.

యంత్రమునకు వలసిన లోహము ఆఫ్రికాలో పుట్టినది. బెల్జియను కాంగోలోని షింకొలొబ్వే గనిలో దొరకిన యురేనియము ఖనిజము అసాధారణముగా సారవంతమైనది. ఆ గనుల కంపెనీ యధిపతి ఎడ్గార్ సెంజియే, అది జర్మనుల చేత చిక్కునేమోయను భయముతో, 1940లో దాదాపు 1,200 టన్నుల ఖనిజమును న్యూయార్కునకు తరలించి స్టాటెన్ ద్వీపమున నిలువయుంచెను. 1942 సెప్టెంబరులో అమెరికా సైన్యము వెదకికొనుచు వచ్చువరకు ఆ నిలువను పట్టించుకొన్నవారు లేరు.

ఖనిజము దొరకుట యొక యెత్తు. అందుండి పనికివచ్చు పాలును విడదీయుట మరియొక యెత్తు. సహజమైన యురేనియములో నూటికి 99 పాళ్ళకు పైగా 238 ద్రవ్యరాశిగల పరమాణువులే యుండును. విచ్ఛిన్నమై శృంఖలాచర్యను నడపగల 235 రకము నూటికి 0.7 వంతు మాత్రమే. రెండింటికిని రసాయన గుణము లొక్కటే యగుటచే ఏ యామ్లమును వానిని వేరుచేయజాలదు. భేదమెల్ల బరువులోనే కలదు; ఆ భేదమును నూటికి ఒకటింపావు పాలు. ఇంత స్వల్పభేదమును పట్టుకొని కిలోలకొలది లోహమును ప్రోగుచేయుటకై టెన్నెస్సీ రాష్ట్రములోని కొండలోయలలో ఓక్ రిడ్జ్ అను రహస్యనగరము వెలసినది. అందలి కర్మాగారములలో ముఖ్యమైనదానియందు, ఎర్నెస్ట్ లారెన్స్ రూపొందించిన కాల్యుట్రానులు అను యంత్రములలో, విద్యుదావేశము పొందిన యురేనియము కణములను అయస్కాంతక్షేత్రముగుండ పోనిచ్చిరి. బరువైన కణము కొంచెము వెడల్పైన వంపున, తేలికది కొంచెము ఇరుకైన వంపున పోయి వేర్వేరు పాత్రలలో పడును. ఆ యయస్కాంతముల చుట్లకు వలయు రాగి యుద్ధకాలమున దొరకకపోగా, ప్రభుత్వ ఖజానానుండి దాదాపు 13,000 టన్నుల వెండిని బదులు తెచ్చుకొనిరి. వెండిని తాము టన్నులలో కొలువము, ట్రాయ్ ఔన్సులలోనే కొలుతుమని ఖజానా యధికారి చిన్నబుచ్చుకొనెనని యొక ముచ్చట ప్రచారమున నున్నది. ఆ వెండిలో కడపటి భాగము 1970లో గాని ఖజానాకు తిరిగి చేరలేదు.

ఆ యంత్రముల యెదుట రేయింబవళ్ళు కూర్చుండినవారు హైస్కూలు చదువు ముగించుకొని వచ్చిన యువతులు. ముల్లు గీటు దాటకుండ మీటలు త్రిప్పుచుండుట వారి పని. ఆ ముల్లు దేనిని సూచించునో వారికి తెలిపినవారు లేరు. మిగిలిన రెండు పద్ధతుల కర్మాగారములు కొంతవరకు సాంద్రముచేసి పంపిన యురేనియమును వీరి యంత్రములు తుదిమెరుగు దిద్దగా, 1945 జులై నాటికి సిద్ధమైనది 64 కిలోలు. అది యొక్క బాంబునకు సరిపోయినది. పరీక్షకు మరియొకటి చేయుటకు లోహమే లేదు.

లోహమున్నను పరీక్ష జరిపియుండెడివారు కారేమో. యంత్రమంత సులభమైనది. అది నిజమునకు ఉక్కుతొడుగులో దాగిన యొక ఫిరంగి. గొట్టమున కొక కొనయందు యురేనియపు బోలు వలయముల దొంతర. రెండవ కొనయందు, టంగ్‌స్టన్ కార్బైడు గోడల నడుమ, ఆ బోలులో సరిగా నిమిడెడి యురేనియపు స్తంభము. వేరువేరుగా నున్నంతవరకు రెండును నిరపాయములు. వెనుకనున్న కార్డైటు మందు ప్రేలి దొంతరను ముందునకు విసరి రెండింటిని ఏకముచేసినంతనే ద్రవ్యము సందిగ్ధపరిమితిని దాటి, క్షణములో లక్షవంతుకంటె తక్కువ కాలమున శృంఖలాచర్య సాగిపోవును. ప్లుటోనియమునకు ఈ యుపాయము చెల్లలేదు. అందు కలిసియుండు 240 రకము తనంతట తానే విచ్ఛిన్నమగుచుండుటచే, రెండు భాగములును పూర్తిగా కలియకమునుపే చర్య ఆరంభమై బాంబు వృథా కాగలదని 1944 వేసవిలో తేలినది. అందుచే ప్లుటోనియమునకు క్లిష్టమైన వేరొక నిర్మాణమును కల్పించి, దానిని మాత్రము పరీక్షింపవలసివచ్చెను. విలియం పార్సన్స్ అను నౌకాదళపు కెప్టెను పర్యవేక్షణమున, ఫ్రాన్సిస్ బర్చ్ బృందము చేతులలో రూపొందిన యురేనియపు ఫిరంగి మూడు మీటర్ల పొడవును, 4,400 కిలోల బరువును గలిగి, దానిని చేసినవారిలో ఎవరికిని పెద్ద సందేహము మిగుల్పలేదు.

ఇక నిర్ణయము మాట. 1945 ఏప్రిల్ 12న రూజ్వెల్టు మరణింపగా అధ్యక్షుడైన ట్రూమన్‌కు, ఏప్రిల్ 25న గాని, యుద్ధమంత్రి స్టిమ్సన్, బాంబు పథకమును నడుపుచున్న జనరల్ గ్రోవ్స్ వచ్చి ఆ పథకమును సమగ్రముగ వివరింపలేదు. అప్పటికే పథకమునకు మూడేండ్ల వయస్సు. దాని వ్యయము రెండువందల కోట్ల డాలర్లకు చేరుచుండెను. ట్రూమన్ చేసినది ప్రధానముగ అడ్డురాకుండుటయే యని గ్రోవ్స్ తరువాత తన గ్రంథమున వ్రాసికొనెను. ఆ మాట వినయమున కాక గర్వముననే వ్రాసియుండవచ్చును గాని, అందు సత్యము కలదు. రథోత్సవమున మోకులు పట్టి లాగువారు వేలమంది. చక్రము నెవడు త్రిప్పెనని యడిగిన నెవడును తానని చెప్పడు. మే 31, జూన్ 1 తేదీలలో సమావేశమైన, ప్రభుత్వమునకు బాంబు విషయమున సలహా యిచ్చు మధ్యకాలిక సంఘము, బాంబును వీలైనంత త్వరలో, ముందస్తు హెచ్చరిక లేకుండ, కార్మికుల యిండ్లతో చుట్టుకొనియున్న యుద్ధకర్మాగారముపై ప్రయోగింపవలెనని సలహా యిచ్చినది. జేమ్స్ ఫ్రాంక్ నాయకత్వమున షికాగో శాస్త్రజ్ఞులు కొందరు, తొలుత నిర్జనస్థలమున ప్రదర్శన జరుపుడని జూన్ 11న నివేదిక నిచ్చిరి. యుద్ధమును ముగింపజాలిన ప్రదర్శన మేదియు తమకు తోచలేదని ఓపెన్‌హైమర్, ఫెర్మి, లారెన్స్, కాంప్టన్‌లతో కూడిన ఆ సంఘపు శాస్త్రీయమండలి కొలది దినములకే బదులిచ్చెను. బాంబు ప్రయోగమున సంయమమును కోరుచు శాస్త్రజ్ఞుడు సిలార్డ్ జులై 17న వ్రాసిన విజ్ఞాపనపై 70 మంది శాస్త్రజ్ఞులు సంతకము చేసిరి. అది ట్రూమన్ చేతికి చేరనేలేదు. జర్మనీ ముందుగా చేయునేమో యను భీతితో ఆరంభమైన పని, మే నెలలో జర్మనీ లొంగిపోయిన పిమ్మటను ఒక్క పూటయైనను ఆగలేదన్న సంగతియే అన్నింటికంటె గమనింపదగినది.

ఇందు మరియొక విషయము కలదు. మార్చి 9-10 రాత్రి సాధారణమైన అగ్నిబాంబులతోనే టోక్యోలో లక్షమంది వరకు మాడి మరణించిరి. నగరము లక్ష్యము కారాదను గీత అప్పటికే చెరిగిపోయినది. బాంబు వచ్చి దానిని చెరుపలేదు. లక్ష్యముల జాబితానుండి పురాతన రాజధానియైన క్యోటోను స్టిమ్సన్ పట్టుబట్టి తొలగింపజేయుట యొక్కటే నాటి నిర్ణయముల కాగితములలో మనుష్యుని చేయి స్పష్టముగా కానవచ్చు చోటు.

జులై 25న సైన్యపు తాత్కాలిక ప్రధానాధిపతి జనరల్ హాండీ సంతకముతో పసిఫిక్ వైమానికదళాధిపతి జనరల్ స్పాట్జ్‌కు పంపబడిన యుత్తరువు నేటికిని చదువదగినది. ఆగస్టు 3 తరువాత వాతావరణము అనుకూలించినంతనే హిరోషిమా, కోకురా, నీగాటా, నాగసాకిలలో ఒకదానిపై మొదటి బాంబును వేయవలెనని అందు కలదు. తరువాతి బాంబులను సిద్ధమైనవి సిద్ధమైనట్లే వేయుచుండవలెననియు కలదు. ఆగస్టు 9న నాగసాకి నాశమునకు పైనుండి వేరుగా నుత్తరువేదియు పుట్టలేదు. ఈ రెండవ వాక్యమే చాలినది. ఆనాటి తొలి లక్ష్యము కోకురా. మబ్బును పొగయు దానిని కప్పివేయుటచే విమానము నాగసాకికి మరలినది. మరునాడు ట్రూమన్ తన యనుజ్ఞ లేనిదే మూడవది వేయరాదని నిషేధించెను. అధ్యక్షుడు తానై చేసిన నిర్ణయమని నిస్సంశయముగ చెప్పదగినది నా దృష్టిలో ఈ నిషేధమే.

లిటిల్ బాయ్‌లోని దొంతర ఇండియానాపొలిస్ అను నౌకలో జులై 26న, బాంబువిమానము బయలుదేరవలసిన టినియన్ ద్వీపమును చేరెను; నాలుగు దినములకే ఆ నౌకను జపాను జలాంతర్గామి ముంచివేయగా, దాదాపు 1,200 మందిలో 316 మంది మాత్రమే బ్రతికిరి. యంత్రమున కొక పెద్ద లోపము కలదు: అది ప్రేలుట యెంత సులభమో, ప్రేలకుండ నుంచుట యంత కష్టము. విమానము నేల విడుచునపుడే కూలి కాలినచో కార్డైటు అంటుకొని ద్వీపమే యెగిరిపోవచ్చును. అందుచే పార్సన్స్ మందుసంచులను గొట్టములో ముందుగా కూర్పక, బాంబును మోయు ఎనోలా గే విమానము గాలిలోనికి లేచిన తరువాత, బాంబుగదిలోనికి దిగి స్వహస్తములతో కూర్చెను. ఉదయము 8:15కు వదలబడిన బాంబు దాదాపు 44 సెకనులు పడి, నేలకు 580 మీటర్ల యెత్తున, గురిపెట్టిన అయోయి వంతెనపై గాక, షిమా ఆసుపత్రిపైన ప్రేలెను.

64 కిలోలలో నిజముగ విచ్ఛిన్నమైనది ఒక్క కిలోకు లోపు. శక్తిగా మారిన ద్రవ్యము ముప్పాతిక గ్రామైనను లేదు. దాని ఫలము 15,000 టన్నుల టి.ఎన్.టి.కి సమానము. కొంతసేపటి క్రితమే వాతావరణ విమానము వచ్చి పోగా హెచ్చరిక యెత్తివేయబడియుండెను. అగ్ని వ్యాపింపకుండ ఇండ్లు కూల్చి దారులు వెడల్పు చేయుటకై వేలమంది బడిపిల్లలు వీధులలో పనిచేయుచుండిరి. నేలపై వేడిమికి ఇంటికప్పుల పెంకులు కరగి బుడగలెత్తినవి. ఆ సంవత్సరాంతమునకు మృతులు దాదాపు 1,40,000 మందియని యంచనా. గాయములేని వారును కొన్ని వారములకు జుట్టురాలి, చర్మముపై ఊదామచ్చలు తేలి మరణించుచుండగా, చికిత్సించుటకు మిగిలిన కొలదిమంది వైద్యులకు ఆ రోగమేదియో తెలియలేదు.

బాంబే యుద్ధమును ముగించెనా? ఆగస్టు 8న రష్యా యుద్ధము ప్రకటించెను, 15న చక్రవర్తి లొంగుబాటును ప్రకటించెను. రెండు దెబ్బలలో నేది బలమైనదో నేటికిని చరిత్రకారులు వాదించుచునే యున్నారు. 1947లో స్టిమ్సన్ తన వ్యాసమున, జపానుపై దండయాత్ర జరిగియుండిన అమెరికన్ సైన్యముననే పదిలక్షలమందికి పైగా హతులో క్షతగాత్రులో అయ్యెడివారని వ్రాసెను. అమెరికా ప్రభుత్వముచేతనే నియుక్తమైన బాంబుదాడుల పరిశీలక సంఘము, బాంబు లేకున్నను ఆ సంవత్సరాంతమునకు జపాను లొంగియుండెడిదని 1946లో వ్రాసెను. టోక్యోలో జరిగిన యుద్ధనేరముల విచారణలో భారతీయ న్యాయమూర్తి రాధావినోద పాల్ తన భిన్నతీర్పున, పసిఫిక్ యుద్ధములో విచక్షణారహిత సంహారమునకు ఆజ్ఞాపించుటకు మిక్కిలి చేరువగా వచ్చిన చర్య యీ బాంబు ప్రయోగ నిర్ణయమేయని సూచించుట, జపానులో నేటికిని మరువని విషయము.

ప్రపంచమున నీ యంత్రపు సంతతి స్వల్పమే. లోహమును విపరీతముగ మ్రింగు ఫిరంగిపద్ధతిని అమెరికా త్వరలోనే వెనుకకు నెట్టెను. దక్షిణాఫ్రికా మాత్రము ఈ తరహావే ఆరు బాంబులను చేసి, తానే విప్పివేసి, 1993లో ఆ సంగతిని లోకమునకు తెలిపెను. కాని యంత్రమునకు మరియొక అనంతరజీవితము కలదు. హిరోషిమా, నాగసాకిలలో దాదాపు 1,20,000 మంది ఆయుర్దాయమును దశాబ్దములుగా పరిశీలించుచున్న వైద్యులకు, ఎవరికెంత కిరణమోతాదు తగిలెనో తెలియనిదే లెక్క కుదురదు. బ్రతికినవారిలో రక్తకాన్సరు ఆరేడేండ్లకు మిక్కుటమయ్యెను. ఇతర కాన్సరులు అంతకంటె ఆలస్యముగ వచ్చెను. తల్లిగర్భమున ఎనిమిది మొదలు పదునైదవ వారమువరకు నున్న శిశువులలో కొందరికి మెదడు చిన్నదయ్యెను. ఇవియన్నియు ఎంత మోతాదువలన? పరీక్షింపబడని యంత్రమగుటచే దాని కిరణముల కొలత ఎవరి యొద్దను లేదు. చివరకు 1982లో లాస్ అలమోస్‌లో, నాటి భాగములనే కొన్నింటిని తీసి, లిటిల్ బాయ్‌కు ప్రతిరూపమును కట్టి, ప్రేలకుండ మెల్లగా రియాక్టరువలె నడిపించి కొలతలు తీసిరి. హిరోషిమాలో న్యూట్రాను మోతాదు పూర్వపు లెక్కకంటె మిక్కిలి తక్కువయని తేలినది. అనగా కాన్సరు భారములో హెచ్చుపాలు గామా కిరణములదే. 1986లో సవరింపబడిన ఈ లెక్కలను కూడ ఆధారము చేసికొని అంతర్జాతీయ కిరణరక్షణ సంఘము 1990లో కిరణములయొద్ద పనిచేయువారి వార్షిక పరిమితిని 50 మిల్లీసీవర్టులనుండి, ఐదేండ్ల సరాసరిని 20కి తగ్గించెను. హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యుయల్ కాంప్లెక్సులో యురేనియముతో పనిచేయు కార్మికుని మోతాదును నేడు కొలుచునది ఈ పరిమితితోడనే.