ఎలుగుబంటి ఇలాకాలో రాత్రి బస

సెలవులు వచ్చాయంటే మన ఉద్యోగ కుటుంబాలలో పలువురికి అడవులు, కొండలు గుర్తుకు వస్తాయి. ఎల్.టి.సి. మీద మౌంట్ ఆబూకు వెళ్లేవారు కొందరు. నల్లమలలో అటవీ శాఖ అనుమతించిన చోట గుడారం వేసుకొని రాత్రి గడిపే ఉత్సాహవంతులు మరికొందరు. వీరందరూ పులికి భయపడతారే గాని, ఎలుగుబంటిని తలచుకొనేవారు అరుదు. పులి సాధారణంగా మనిషి అలికిడికి తప్పుకొంటుంది. ఎలుగు హఠాత్తుగా ఎదురుపడితే తిరగబడుతుంది.

ఇందుకు కారణం క్రౌర్యం కాదు. నల్లమలలోనూ, ఆబూలోనూ ఉండేది ఒకే జాతి. చెదలు, చీమలు, పండ్లు, తేనె దీని ఆహారం. 1791లో జార్జ్ షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీని పొడవైన గోళ్లను చూచి, చెట్లకు వ్రేలాడే స్లాత్ అనే జంతువుగా పొరబడినాడు. ఆంగ్లంలో నేటికీ ఆ పేరే నిలిచింది! పై దవడలో రెండు ముందు పళ్లు లేనందున ఏర్పడిన సందు గుండా ఇది పుట్టలోని చెదలను పీల్చుకొంటుంది. ఆ చప్పుడు వంద మీటర్ల దూరానికి కూడా వినిపిస్తుంది. ఆ పనిలో మునిగిన ఎలుగుకు, చూపు సైతం మందం గనుక, మన రాక తెలియదు. తెలిసేసరికి మనం పక్కనే ఉంటాము. పులులతో కలిసి బ్రతికిన ఈ జంతువు పారిపోవడం కన్నా ఎదిరించడమే నేర్చుకొన్నది. వీపున పిల్లలను మోస్తున్న తల్లి అయితే చెప్పనవసరం లేదు.

కనుక వేకువన, మునిమాపున గుడారం విడిచి ఒంటరిగా వెళ్లరాదు. నలుగురు కలిసి, మాటలు వినిపించేలా నడవాలి. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ మాసాలలో ఆ చెట్ల క్రింద బస కూడదు.

ఇద్దరు మిత్రులు, ఎలుగుబంటి కథలో చెట్టెక్కినవాడు బ్రతికినట్లు చిన్నప్పుడు చదువుకొన్నాము. తేనె కోసం చెట్లెక్కే జంతువు నుండి చెట్టు ఎవరినీ కాపాడదు. పరుగులోనూ అది మనిషిని మించినదే. దూరాన కనిపిస్తే మెల్లగా వెనుకకు తగ్గాలి. మీద పడితే బోర్లా పడుకొని, మెడ వెనుక చేతులు కప్పుకోవాలి. దెబ్బ ఎక్కువగా తల మీద, ముఖం మీదనే పడుతుంది.

మాకు ఇంతకన్నా బాధ కలిగించే విషయం మరొకటి ఉన్నది. ఆబూలో హోటళ్ల చెత్తకు మరిగిన ఎలుగులు ఊరిలోకే వస్తున్నాయి. ఈ అనుభవం అమెరికాలోని యోసెమిటీ జాతీయ ఉద్యానవనానికి ముందే కలిగింది. అక్కడి నల్ల ఎలుగులు వేరు జాతివి. ఒకప్పుడు వాటికి చెత్త వేసి, యాత్రికులకు వినోదంగా చూపేవారు. 1998 ఒక్క సంవత్సరంలోనే ఆహారం కోసం అవి కార్లను, గుడారాలను చీల్చడం వంటి సంఘటనలు 1,500 దాటాయి. మనిషి తిండి మరిగిన కొన్నింటిని చంపివేయవలసి వచ్చింది. ఇనుప పెట్టెలు అమర్చి, ఆహారం వాటిలోనే ఉంచాలనే నియమాన్ని గట్టిగా అమలు జరిపిన తరువాత ఆ సంఖ్య ఎంతగానో తగ్గింది. అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లివచ్చిన మన పెద్దలు కొందరు ఆ పెట్టెలను చూచే ఉంటారు.

మన అడవులలో అటువంటి పెట్టెలు ఉంటాయని అనుకోరాదు. గుడారానికి దూరంగా భుజించి, మిగిలిన అన్నం, పండ్ల తొక్కలు మూత గట్టిగా పట్టే డబ్బాలో వెంట తెచ్చుకోవాలి. పూడ్చిపెట్టి వస్తే చాలదా అని కొందరు అడుగుతారు. గట్టిపడిన చెదపుట్టను త్రవ్వే గోళ్లకు మనం పూడ్చిన అరటితొక్కలు ఎంత లోతు?