చొక్కా లేబుల్ మీద రామీ... మన గోగునారకు చుట్టమే

గత శుక్రవారం ఉమ్ సలాల్‌లోని మా ఫ్లాట్‌లో ఇస్త్రీ చేస్తుంటే, నాకిష్టమైన చొక్కా చేతి మడత దగ్గర చీలింది. కొని ఏడాది కూడా కాలేదు. లేబుల్ చూస్తే 55 శాతం రామీ, 45 శాతం కాటన్. రామీ అంటే ఏమిటి నాన్నా అని మా అబ్బాయి అడిగాడు. పేరు నాకూ కొత్తే కానీ, చదివితే తెలిసిన కథే.

మాది శ్రీకాకుళం జిల్లా. చిన్నప్పుడు గోగు కోసి, కట్టలు కట్టి చెరువులో రెండు మూడు వారాలు నానబెట్టేవాళ్లం. ఆ కంపు ఊరంతా వచ్చేది. కుళ్లిన బెరడు ఒలిస్తే నార, మిగిలిన పుల్లలు పొయ్యిలోకి. రామీ కూడా బెరడు నారే. చైనాలో ఎక్కువగా పండుతుంది. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి బతుకుతుంది, ఏటా మూడు నాలుగు సార్లు కోస్తారు. అయితే దీని బెరడులో జిగురు చాలా ఎక్కువ. నీళ్లలో నానబెడితే చాలదు, క్షారంలో ఉడికించి తీయాలి. ఆ ఖర్చు వల్లే పత్తిలా ఊరూరా పాకలేదు.

కొరియాలోని హన్సాన్‌లో ఆడవాళ్లు ఈ నారను పళ్లతో చీల్చి సన్నని దారం చేస్తారు. ఆ మోసి నేతకు 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వేసవి బట్ట అది. చెమట పీల్చి త్వరగా ఆరుతుంది కాబట్టి మన ఖతర్ ఎండలకూ బాగుంటుంది.

ఇంతకీ ఈ 55 శాతం ఏమిటి? 1980లలో అమెరికా దిగుమతి కోటాలు పత్తి, ఉన్ని, సింథటిక్ బట్టలకే ఉండేవి. బరువులో రామీ సగం దాటితే కోటా తగిలేది కాదు. 1986లో ఆ దారి మూశారు. అలవాటు మాత్రం కొన్ని లేబుళ్ల మీద ఉండిపోయింది!

మరి చొక్కా ఎందుకు చీలింది? రామీ తడిస్తే ఇంకా గట్టిపడుతుంది, కానీ సాగదు. ఒకే చోట పదే పదే మడిస్తే పోగు విరుగుతుంది. కత్తిలాంటి మడత కోసం వారం వారం నొక్కిన ఇస్త్రీ నాదే. మీ ఇంట్లో ఇలాంటివుంటే తడిగా ఉన్నప్పుడే, మడత పెట్టకుండా ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కు తగిలించండి.

ఫోన్లో అమ్మకు చెబితే నవ్వింది. "నారబట్ట కట్టుకోడానికా అంత దూరం వెళ్లావేటిరా?"